లేట్ విక్టోరియన్, మోడర్న్ బ్రిటిష్ సాహిత్యం: ఆన్సర్‌లో చరిత్రను ఎక్కడ, ఎంత కలపాలి?

మద్దిలపాలెం చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో ఎం.ఏ. ఇంగ్లీష్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఈ పేపర్ 1870 నుంచి 1930 దాకా. హార్డీ 'టెస్', కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్', విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలు, ఎలియట్ 'ది వేస్ట్ ల్యాండ్', వర్జీనియా వుల్ఫ్ 'మిసెస్ డాలోవే' ఉన్నాయి. ప్రతి ఆన్సర్‌కీ ముందు ఒక పేజీ చారిత్రక నేపథ్యం రాస్తాను: పారిశ్రామిక విప్లవం, డార్విన్, విక్టోరియా రాణి, ప్రపంచ యుద్ధం. ఆ తర్వాత కథలోకి వెళ్తాను. 'నేపథ్యం దారి నేపథ్యానిది, ఆన్సర్ దారి ఆన్సర్‌ది' అని మార్కులు పోతున్నాయి. డిగ్రీ బీకాం కాబట్టి బ్రిటన్ చరిత్ర అసలు చదవలేదు. ఎంత చదివితే సరిపోతుంది? దేనితో మొదలుపెట్టాలి? ఆ కాలం నాటి పత్రికలు, చట్టాలు ఇక్కడి నుంచే డబ్బు కట్టకుండా చూడొచ్చా? పరీక్షకు ఇంకా ఏడు వారాలు ఉంది.

సీతమ్మధార మాస్టారు

ముందు ఆ మొదటి పేజీ మానేయండి. 'టెస్' అచ్చయిన 1891 నాటికి పారిశ్రామిక విప్లవం వందేళ్ల నాటి ముచ్చట. టెస్ బతుకును కుదిపింది వ్యవసాయ మాంద్యం. 1870ల చివరి నుంచి అమెరికా గోధుమలు రైళ్లలో, స్టీమర్లలో చవగ్గా వచ్చి పడ్డాయి. 1877లో ఇంగ్లండ్‌లో క్వార్టర్ (అప్పటి ధాన్యం కొలత) గోధుమలు 56 షిల్లింగులు దాటి పలికితే, 1894కి 23 షిల్లింగుల లోపుకి దిగిపోయాయి. గింజలు పండించే రైతు మునిగాడు. పాల రైతు మాత్రం నిలదొక్కుకున్నాడు, ఎందుకంటే పచ్చి పాలు అట్లాంటిక్ దాటి రాలేవు, పైగా లండన్‌కి రైలు ఉంది.

ఇప్పుడు నవల తెరవండి. టెస్ సంతోషంగా గడిపిన చోటు టాల్‌బోతేస్ పాల డెయిరీ. ఒళ్లు హూనమైన చోటు ఫ్లింట్‌కూమ్-యాష్, అక్కడ దుంపలు తవ్వాలి, ఆవిరి నూర్పిడి యంత్రం మీద నిలబడి పొద్దుగూకేదాకా పని చేయాలి. 30వ అధ్యాయంలో టెస్, ఆమె ప్రేమించిన ఏంజెల్ కలిసి పాల క్యాన్లు స్టేషన్‌కి తోలుకెళ్తారు. రేపు పొద్దున్నే ముక్కూ మొహం తెలియని లండన్ వాళ్లు ఈ పాలు తాగుతారు కదా అంటుంది టెస్. మాంద్యం గురించి మీకు కావలసిందంతా ఆ ఒక్క సన్నివేశంలో ఉంది.

అంతకన్నా ముఖ్యమైన చోటు చివర్లో వస్తుంది. టెస్ తండ్రి జాన్ డర్బీఫీల్డ్ చచ్చిపోగానే కుటుంబం ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఎందుకో చాలామంది పట్టించుకోరు. ఆ ఇల్లు 'లైఫ్‌హోల్డ్' కౌలుది. గడువు ఏళ్లలో ఉండదు, మనుషుల ఆయుష్షు మీద ఉంటుంది. ముగ్గురి పేర్లు రాస్తారు, మూడో మనిషి కన్నుమూసిన నాడు ఇల్లు భూస్వామికి పోతుంది. ఆ మూడో మనిషి జాన్. కూలీలంతా ఊళ్లు మారే ఓల్డ్ లేడీ డే, అంటే ఏప్రిల్ 6న, తల్లీ పిల్లలూ బండి మీద సామాన్లేసుకుని రోడ్డున పడతారు. అప్పుడు, మొదట్లో టెస్‌ను చెరచిన అలెక్ సాయం చేస్తానంటూ వస్తాడు. ఈ కౌలు సంగతి తెలియనివాళ్లు అక్కడ 'విధి' అని రాసి ఊరుకుంటారు. తెలిసినవాళ్లు టెస్ చుట్టూ దారులు ఒక్కొక్కటే ఎలా మూసుకుపోయాయో చూపించగలరు. హార్డీ ఈ వలసల మీద 1883లోనే లాంగ్‌మన్స్ మ్యాగజైన్‌లో డార్సెట్ కూలీల గురించి వ్యాసం రాశాడు. అందులోని భాగాలను 51వ అధ్యాయంలో మళ్లీ వాడుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, గంటన్నర చాలు.

చదివే పద్ధతి ఇదే. యుగం నుంచి పుస్తకంలోకి రాకండి. పుస్తకంలో ఈనాటి మనకు అర్థం కాని చిన్న వస్తువునో, పద్ధతినో, డబ్బు లెక్కనో పట్టుకుని అక్కడి నుంచి బయటికి వెళ్లండి. టెక్స్టుకి అలాంటివి ఆరేడు దొరికితే చాలు.

దాంతోపాటు ప్రతి టెక్స్టుకీ నాలుగు తేదీలు రాసుకోండి: కథ జరిగినది, రచయిత రాసినది, మొదట అచ్చయినది, పుస్తకంగా వచ్చినది. కాన్రాడ్ కాంగో వెళ్లింది 1890లో. రాసింది 1898 చివర, 1899 మొదట్లో. బ్లాక్‌వుడ్స్ మ్యాగజైన్‌లో మూడు భాగాలుగా వచ్చింది 1899 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. పుస్తకంలో చేరింది 1902లో. కాంగో అకృత్యాల మీద బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో వచ్చింది. 'కేస్‌మెంట్ నివేదిక ప్రభావంతో కాన్రాడ్ రాశాడు' అనే వాక్యం ఆన్సర్లలో తరచూ కనిపిస్తుంది. నాలుగు తేదీలు ముందుంటే ఆ తప్పు జరగదు. వాళ్లిద్దరూ 1890లో కాంగోలోని మతాడిలో కలుసుకున్న మాట మాత్రం నిజం. కాన్రాడ్ నాటికే ఉన్న పత్రం కావాలంటే జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ 1890లో కాంగోను ఏలుతున్న బెల్జియం రాజు లియోపోల్డ్‌కి రాసిన బహిరంగ లేఖ ఉంది. అది చదవండి.

ఎంవీపీ రీడర్

మాస్టారి మాటకు ఒక చేర్పు. కథ లోపలి చరిత్రతోపాటు పుస్తకం అమ్ముడుపోయిన తీరు కూడా చూడాలి. మన సిలబస్‌లు దాన్ని దాదాపు వదిలేస్తాయి. నాకైతే లేట్ విక్టోరియన్ కాలాన్ని అర్థం చేసుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదనిపిస్తుంది.

1894 దాకా కొత్త నవల సాధారణంగా మూడు సంపుటాల్లో వచ్చేది. ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే ఒకటిన్నర గినీ. (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ. ఇది కంఠతా వచ్చి తీరాలి.) అంత పెట్టి కొనేవాళ్లు అరుదు. ఏడాదికి ఒక గినీ చందా కట్టి మూడీస్ లాంటి అద్దె లైబ్రరీలో తెచ్చుకునేవాళ్లు. ప్రచురణకర్తకు పెద్ద ఖాతాదారు లైబ్రరీయే కాబట్టి, ఇంటిల్లిపాదీ చదవలేని పుస్తకమని లైబ్రరీ అనుకుంటే ఆ నవలకి గండమే. 1894లో మూడీస్, డబ్ల్యూ.హెచ్. స్మిత్ కలిసి ఇక ఈ ధర ఇవ్వలేమన్నాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మూడు సంపుటాల నవల కనుమరుగైంది. 1890ల నవలలు పొట్టివైపోవడం, ధైర్యం చేయడం రెండింటికీ దీనితో సంబంధం ఉంది.

'టెస్' ముందు ది గ్రాఫిక్ వారపత్రికలో 1891 జులై నుంచి డిసెంబర్ వరకు సీరియల్‌గా వచ్చింది. పత్రిక కోసం హార్డీ చాలా కోశాడు. అలెక్ చెరచిన ఘట్టం తీసేసి దొంగ పెళ్లి పెట్టాడు. బిడ్డకు టెస్ తానే బాప్టిజం ఇచ్చే ఘట్టం విడిగా వేరే పత్రికలో వేసుకున్నాడు. వరద నీటి దారిలో ఏంజెల్ నలుగురు పాలమ్మాయిల్ని చేతుల మీద మోసుకెళ్తాడు కదా, గ్రాఫిక్‌లో వాళ్లను ఒంటి చక్రం బండిలో కూర్చోబెట్టి దాటిస్తాడు. మగవాడి చేతులు తగలకూడదు! 'పరిశుద్ధ స్త్రీ' అన్న ఉపశీర్షిక పుస్తకంలోనే వచ్చింది. ఈ చక్రాల బండి ఒక్కటి రాస్తే 'విక్టోరియన్ నైతికత' మీద ఒక పేజీ ఉపన్యాసం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. మీ చేతిలో ఉన్న ఎడిషన్ ఏ పాఠం ఆధారంగా వేశారో ముందుమాటలో చూసుకోండి. హార్డీ 1912 దాకా దిద్దుతూనే ఉన్నాడు. వైల్డ్ 'డోరియన్ గ్రే' చదివితే ఇంకా జాగ్రత్త: 1890 లిపిన్‌కాట్స్ పాఠంలో 13 అధ్యాయాలు, 1891 పుస్తకంలో 20. ఒకదాని గురించి రాస్తూ రెండోదాన్ని కోట్ చేస్తే వాదన కూలిపోతుంది.

లాసన్స్ బే

కవిత్వం, వుల్ఫ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

ఓవెన్: యుద్ధ కవిత్వం అనగానే 1914–18 అని ఒకే గంపలో వేయకండి. దేశభక్తి కవితలు రాసిన రూపర్ట్ బ్రూక్ 1915 ఏప్రిల్‌లో పోయాడు, అప్పటికింకా వెళ్లేవాళ్లంతా స్వచ్ఛందంగా వెళ్తున్నవాళ్లే. నిర్బంధ సైనిక సేవ చట్టం 1916 జనవరిలో వచ్చింది. 1916 జులై 1న సొమ్ దగ్గర ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఓవెన్ 'డల్చే ఎట్ డెకోరమ్ ఎస్ట్' రాయడం మొదలుపెట్టింది 1917 అక్టోబర్‌లో, క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో. ఈ నాలుగు తేదీల మధ్య దూరమే బ్రూక్ గొంతుకీ ఓవెన్ గొంతుకీ మధ్య దూరం. దాని చిత్తుప్రతి మీద జెస్సీ పోప్‌కి అని అంకితం ఉంది. ఆమె సైన్యంలో చేరమని పద్యాలు రాసిన కవయిత్రి. చివర్లో 'మిత్రమా' అనే పిలుపు ఎటువైపు తిరిగి ఉందో అప్పుడు తెలుస్తుంది. ఇంకో మాట: ఓవెన్ 1918 నవంబర్ 4న చనిపోయాడు, బతికుండగా అచ్చయిన కవితలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిత్రుడు, కవి ససూన్ వేసిన సంకలనం వచ్చింది 1920లో. కాబట్టి 'ఓవెన్ కవితలు యుద్ధకాలంలో ప్రజల కళ్లు తెరిపించాయి' అని రాయకండి. ఆ పాఠకులు యుద్ధం ముగిశాక కొడుకుల్ని పోగొట్టుకుని కూర్చున్నవాళ్లు.

వేస్ట్ ల్యాండ్: రెండో భాగంలో పబ్ ఘట్టం తీసుకోండి. 'హర్రీ అప్ ప్లీజ్ ఇట్స్ టైమ్' అని మధ్యమధ్య వినిపించేది పబ్ మూసేవాడి కేక. యుద్ధానికి ముందు లండన్ పబ్బులు తెల్లవారుజామున 5 నుంచి అర్ధరాత్రి దాటాక 12:30 దాకా తెరిచి ఉంచే వీలుండేది. యుద్ధంలో ఆయుధ కర్మాగారాల పని చెడకుండా వేళలు కుదించారు, 1921 చట్టం ఆ కుదింపును శాశ్వతం చేసింది. తాత్త్విక హెచ్చరికలా వినిపించే ఆ కేక అప్పటి తాగుబోతుకి కొత్తగా అలవాటైన చిరాకు. అదే బల్ల దగ్గర లిల్ కథ నడుస్తుంది. భర్త ఆల్బర్ట్ నాలుగేళ్లు సైన్యంలో ఉండి వస్తున్నాడు. ఆమెకు 31 ఏళ్లు, ఐదుగురు పిల్లలు, చివరి కాన్పులో చావు తప్పింది. మళ్లీ వచ్చిన కడుపు పోగొట్టుకోవడానికి మందుల షాపు మాత్రలు వేసుకుని మొహం పీక్కుపోయింది. 1861 చట్టం ప్రకారం అది నేరం. మేరీ స్టోప్స్ కుటుంబ నియంత్రణ క్లినిక్ లండన్‌లో తెరిచింది 1921లో, అంటే ఈ కవిత అచ్చుకి ఏడాది ముందు. 'ఆధునిక నాగరికత బీడు' అన్న మాట లిల్ శరీరంలో కనిపిస్తుంది. అక్కడి నుంచి రాయండి.

డాలోవే: 1923 జూన్‌లో ఒక్క రోజు. ఆకాశంలో పొగతో అక్షరాలు రాసే విమానం అప్పుడు కొత్త వింత, ఇంగ్లండ్‌లో 1922లో మొదలైంది. అందరూ తల పైకెత్తి చూస్తారు, యుద్ధం నుంచి మనసు చెదిరి వచ్చిన సెప్టిమస్‌కి ఒక్కడికే అది తనకొచ్చిన సందేశంలా తోస్తుంది. షెల్ షాక్ (యుద్ధంలో సైనికుల మనసుకు తగిలే దెబ్బ) మీద యుద్ధ శాఖ వేసిన కమిటీ నివేదిక కూడా 1922లోనే వచ్చింది. ఆ మాటను అధికారిక వాడుకలోంచి తీసేయమని అది సిఫారసు చేసింది. ఇవి రెండూ తెలిస్తే చివరి పార్టీలో సెప్టిమస్‌ను చూసిన డాక్టర్ సర్ విలియం బ్రాడ్‌షా, రిచర్డ్ డాలోవే ఒక పార్లమెంటు బిల్లు గురించి, షెల్ షాక్ ఆలస్యంగా చూపే ప్రభావాల గురించి మాట్లాడుకునే నాలుగు వాక్యాలు గుండెల్లో గుచ్చుకుంటాయి. అప్పటికి సెప్టిమస్ లేడు.

గ్రంథాలయం మెట్లు

డబ్బు కట్టకుండా దొరికేవి, వాటి లోపాలతో సహా:

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బ్లాక్‌వుడ్స్ 1899 సంపుటం ఉంది. కథ మొదలైన ఫిబ్రవరి సంచిక ఆ పత్రికకి వెయ్యో సంచిక. కథను ఒక్కదాన్నే కాకుండా చుట్టూ ఏముందో విషయసూచిక చూడండి. సామ్రాజ్యాన్ని నమ్మిన పాఠకుల మధ్య ఆ కథ ఎలా కూర్చుందో తెలుస్తుంది. మోడర్నిస్ట్ జర్నల్స్ ప్రాజెక్ట్‌లో బ్లాస్ట్, ది ఈగోయిస్ట్, ది లిటిల్ రివ్యూ పూర్తి సంచికలు ఉన్నాయి. ఓవెన్ చేతిరాతలు ఆక్స్‌ఫర్డ్ వాళ్ల మొదటి ప్రపంచ యుద్ధ కవిత్వ డిజిటల్ ఆర్కైవ్‌లో చూడొచ్చు. పార్లమెంటు చర్చలకి హాన్సార్డ్, కోర్టు కేసులకి ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ (1913 దాకా), లండన్ వీధుల్లో ఎవరు బీదలో ఎవరు ధనికులో రంగుల్లో చూపే చార్ల్స్ బూత్ మ్యాప్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ సైట్‌లో.

బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌కి చందా కట్టాలి. దాని బదులు ఆస్ట్రేలియా వాళ్ల ట్రోవ్, న్యూజిలాండ్ వాళ్ల పేపర్స్ పాస్ట్ ఉచితం. లండన్ వార్తలు, సమీక్షలు వాటిలో తిరిగి అచ్చయ్యేవి, కాకపోతే ఓడలో వచ్చినవి కొన్ని వారాలు ఆలస్యంగా. తేదీ రాసేటప్పుడు అది గుర్తుంచుకోండి. పాత అచ్చును యంత్రం సరిగ్గా చదవలేదు. వెతికినది దొరకలేదంటే లేదని అర్థం కాదు. తేదీ పట్టుకుని పేజీ తెరిచి కళ్లతో చూడాలి.

చట్టాల విషయంలో అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. బ్రిటిష్ ప్రభుత్వ చట్టాల సైట్‌లో, పైన లిల్ విషయంలో చెప్పిన 1861 చట్టం తెరిస్తే ఇప్పటి సవరణలతో కలిసిన రూపం ముందు కనబడుతుంది. దాన్ని చూసి 'ఆ రోజుల్లో ఇలా ఉండేది' అని రాస్తే తప్పు. ఆ ఏటి చట్టాల సంపుటం స్కాన్ చూడండి.

విశాఖలో అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయం డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో నార్టన్ క్రిటికల్ ఎడిషన్లు అడగండి. 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' నార్టన్‌లో పైన చెప్పిన విలియమ్స్ లేఖ, ఆ కథను విమర్శించిన అచెబే వ్యాసం ఒకేచోట ఉన్నాయి. అన్నీ విడివిడిగా వెతుక్కునే శ్రమ తప్పుతుంది. మీ కాలేజీకి ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉంటే లాగిన్ లైబ్రేరియన్ దగ్గర తీసుకోండి, ఈ-జర్నల్స్ ఇంట్లోంచే చదవొచ్చు.

మద్దిలపాలెం చదువరి

మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్ అండి. రెండు సందేహాలు. పరీక్షలో ఒక ప్రశ్నకి అరగంట కూడా దొరకదు, అందులో ఇదెలా రాయాలి? మన దగ్గరి విషయాలతో పోల్చవచ్చా? ఎలియట్ నోట్స్ కూడా వాడాలా?

సీతమ్మధార మాస్టారు

ఒక ఆన్సర్‌కి చారిత్రక వివరాలు రెండు, మహా అయితే మూడు. ప్రతిదానికీ ఒక పేరా. పేరాలో ముందు టెక్స్టు, తర్వాత వాస్తవం తేదీతో, ఆ తర్వాత దానివల్ల మీ చదువు ఎలా మారిందో. మధ్యది రెండు వాక్యాలు దాటకూడదు, చివరిది అన్నిటికన్నా పొడుగ్గా ఉండాలి. నమూనా:

'సెప్టిమస్ చచ్చిపోతానని బెదిరించాడు కాబట్టి వేరే దారి లేదని, ఇది చట్టానికి సంబంధించిన ప్రశ్న అని బ్రాడ్‌షా తేలుస్తాడు. ఇంగ్లండ్‌లో 1961 దాకా ఆత్మహత్య నేరం. కాబట్టి డాక్టర్ అక్కడ వైద్యుడిగా మాత్రమే మాట్లాడటం లేదు, రాజ్యం గొంతు కూడా అతని నోట్లో ఉంది. యుద్ధానికి పంపిన రాజ్యమే ఇప్పుడు భార్య నుంచి విడదీసి విశ్రాంతి గృహానికి పంపుతానంటోంది. ఇంకో డాక్టర్ హోమ్స్ మెట్లెక్కి వస్తుంటే సెప్టిమస్ కిటికీలోంచి దూకడం ఆ పిలుపుకి చెప్పిన జవాబు.'

'ప్రతిబింబిస్తుంది' అనే క్రియ మాత్రం వాడకండి. ఆ మాట పడగానే విశ్లేషణ ఆగిపోతుంది. చట్టం అడ్డుకుంది, ధర నిర్ణయించింది, పత్రిక కత్తిరించింది, రచయిత ఎదురు తిరిగాడు: ఎవరు ఏం చేశారో చెప్పే క్రియలు వెతకండి.

ఎంవీపీ రీడర్

పోలిక గురించి: ప్రశ్న అడిగితేనే, లేదా డిసర్టేషన్‌లో. అక్కడ మాత్రం మనకు మంచి సరుకు ఉంది. బ్రిటన్‌లో అమ్మాయిల సమ్మతి వయసును 1885 చట్టం 13 నుంచి 16కి పెంచింది. ఇండియాలో 1891 చట్టం 10 నుంచి 12కి పెంచింది. 'టెస్' వచ్చింది అదే 1891. మరుసటి ఏడు విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' ప్రదర్శన, 1897లో అచ్చు. ఇంగ్లిష్ ముందుమాటలో విశాఖ జిల్లా కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితాను ఆయన ప్రస్తావించాడు. ఒకరి ప్రభావం ఒకరి మీద ఉందని అనకండి, దానికి ఆధారం చూపాలి. ఒకే సామ్రాజ్యంలో ఒకే దశాబ్దంలో ఆడపిల్ల వయసు చట్టసభకీ సాహిత్యానికీ ప్రశ్నగా ఎలా మారిందో చూపితే చాలు.

ఫార్‌స్టర్ 'ఎ పాసేజ్ టు ఇండియా' మీద పని చేసేవాళ్లకి ఇంకొకటి. 1922 ఆగస్టులో అల్లూరి మన ఏజెన్సీలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాడు. 1924 మే 7న ఆయన్ని చంపేశారు. జూన్‌లో ఆ నవల లండన్‌లో విడుదలైంది. నవలలో కలెక్టర్ భార్య మిసెస్ టర్టన్, ఇంగ్లిష్ స్త్రీ కనబడితే వీళ్లంతా పాకాలి అంటుంది. అది 1919 అమృత్‌సర్ పాకుడు ఉత్తర్వు నుంచి వచ్చింది. కానీ కొండల్లో సాయుధ పోరాటం ఆ నవల చూపు ఆనని చోటు. ఆ ఖాళీ మీద మంచి అధ్యాయం రాయొచ్చు.

లాసన్స్ బే

ఎలియట్ నోట్స్: 1922 అక్టోబర్‌లో క్రైటీరియన్ పత్రికలో వచ్చినప్పుడు 'వేస్ట్ ల్యాండ్' కవితకు నోట్స్ లేవు. డిసెంబర్‌లో న్యూయార్క్‌లో పుస్తకంగా వేసినప్పుడు చేరాయి. కాబట్టి మొదటిసారి నోట్స్ మూసిపెట్టి గట్టిగా చదవండి, పబ్ ఘట్టం మరీను. రెండోసారి నోట్స్‌తో. ఆన్సర్‌లో నోట్స్‌ను కోట్ చేస్తే 'పుస్తకానికి చేర్చిన నోట్స్‌లో' అని రాయండి. వాటిని కవిత అర్థానికి తాళంచెవిలా చూపకండి. 1971లో అచ్చయిన చిత్తుప్రతి ఫాక్సిమిలీ దొరికితే ఎలియట్ మిత్రుడు, కవి ఎజ్రా పౌండ్ కొట్టివేతలు ఉన్న పేజీలు రెండు మూడు చూడండి, అంతకన్నా ఎక్కువ ఈ ఏడు వారాల్లో అక్కర్లేదు.